క్రూగర్‌కి వెళ్లండి, కానీ ఆ ప్లాన్‌తో కాదు

ప్రశ్న: మేం నిజాంపేటలో ఉంటాం. వచ్చే జూన్‌లో దక్షిణాఫ్రికా వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల బాబు, మా అత్తగారు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు, షుగర్ ఉంది, శాకాహారి. క్రూగర్ నేషనల్ పార్క్‌లో కారు అద్దెకి తీసుకుని మనమే నడుపుకుంటూ తిరగొచ్చని తెలిసినప్పటి నుంచీ మావారు అదే పట్టు మీద ఉన్నారు. నాలుగు రాత్రులు, నాలుగు క్యాంపులు, కింద నుంచి పై దాకా పార్కు మొత్తం, ఆ తర్వాత విమానంలో కేప్‌టౌన్. ఇదీ ఆయన ప్లాన్. గైడ్ లేకుండా మాకేం కనిపిస్తాయి? ఏనుగు ఎదురొస్తే ఏం చేయాలి? దారిలో అత్తగారికి బాత్రూమ్ అవసరమైతే? తడోబాలో జిప్సీలో తిరిగాం, డ్రైవరూ గైడూ ఉండి కూడా పులి కనిపించలేదు. పోనీ ప్రైవేట్ లాడ్జ్‌లో ఉందామంటే ఆ ధరలు వినే ఓపిక కూడా లేదు. ఏం చేయమంటారు? (మాధవి, హైదరాబాద్)

జవాబు: మాధవి గారూ, నిరభ్యంతరంగా వెళ్లండి. కారు సంగతిలో మీవారిదే రైటు. క్యాంపుల సంగతిలో మాత్రం ఆయనతో మీరు కాస్త గట్టిగా మాట్లాడాలి. మీ ఉత్తరంలో ఏనుగు గురించి భయపడ్డారు గానీ, నాకు భయం వేసింది ఆ నాలుగు క్యాంపులు చూసి.

క్రూగర్ దక్షిణం నుంచి ఉత్తరానికి 350 కిలోమీటర్ల పొడవుంటుంది. విస్తీర్ణం ఇరవై వేల చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. తారురోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్లు, మట్టిరోడ్డు మీద 40 దాటి పోకూడదు. దాటితే జరిమానా. నిజానికి ఆ 50 కూడా మీరు పోలేరు. జిరాఫీ కనబడితే ఆగుతారు, ముందు కారు ఆగితే ఆగుతారు, గేదెల మంద రోడ్డు దాటుతుంటే పావుగంట ఆగుతారు. ఆగుతూ సాగుతూ వెళ్తే గంటకి పాతిక కిలోమీటర్లు వేసుకోండి. జూన్‌లో క్యాంపు గేట్లు ఉదయం 6 గంటలకి తెరిచి సాయంత్రం 5:30కి మూసేస్తారు. ఆలోపు లోపల ఉండాలి, లేకపోతే ఫైన్ కట్టాలి. రోజుకో క్యాంపు మారాలంటే రోజూ సామాన్లు సర్దాలి, వంద కిలోమీటర్లు లాగాలి. సాయంత్రం నాలుగున్నరకి, సరిగ్గా సింహాలు లేచి ఒళ్లు విరుచుకునే వేళకి, మీవారు గడియారం చూసుకుంటూ స్టీరింగ్ పట్టుకుని ఉంటారు. అత్తగారికి నడుం నొప్పి, బాబుకి విసుగు. అడవి అంతా తిరిగొస్తారు, ఏమీ చూడరు.

ఉత్తరం వైపు వదిలేయండి. పుండా మారియా, పఫూరి వైపు అడవి చాలా బాగుంటుంది, పక్షులంటే పడిచచ్చేవాళ్లు అక్కడికే పోతారు. కానీ మొదటిసారి పిల్లలతో వెళ్లేవాళ్లకి దక్షిణం, మధ్య భాగం చాలు. రెండే క్యాంపులు పెట్టుకోండి: లోయర్ సాబీలో రెండు రాత్రులు, సతారాలో రెండు. కేప్‌టౌన్‌లో ఒక రోజు తగ్గించి మూడో రాత్రి కూడా సతారాలో ఉండగలిగితే ఇంకా మంచిది.

ఈ రెండే ఎందుకంటే, లోయర్ సాబీ నది ఒడ్డున ఉంది. సాబీ నది వానల్లేని నెలల్లో కూడా పారుతుంది. జూన్ అక్కడ చలికాలం, వానలుండవు, గుంటలు ఎండుతుంటాయి, కాబట్టి చుట్టుపక్కల జంతువులన్నీ నీళ్లకోసం నది దగ్గరికి రావాల్సిందే. క్యాంపు గేటుకి దగ్గర్లోనే సన్‌సెట్ డ్యామ్ అని ఒక చెరువుంది. రోడ్డు సరిగ్గా దాని గట్టు దాకా వెళ్తుంది. కారు ఆపుకుని కూర్చుంటే నీటిగుర్రాలు, మొసళ్లు, కొంగలు మీ కిటికీ ముందే ఉంటాయి. ఇక సతారా చుట్టూ నేల నల్లటి బసాల్ట్ రాతి నుంచి వచ్చింది, గడ్డి బలంగా ఉంటుంది. పశ్చిమం వైపు గ్రానైట్ నేల, అక్కడ పొదలెక్కువ. అందుకని జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు సతారా మైదానాల్లో మందలుగా మేస్తాయి. మేసేవి ఎక్కడుంటే తినేవి అక్కడుంటాయి. సతారా పక్క నుంచి పోయే ఎస్-100 అనే మట్టిరోడ్డుకి సింహాల రోడ్డని పేరు. పొద్దున్న గేటు తీయగానే ఆ రోడ్డెక్కండి.

గైడ్ లేకుండా ఏం కనిపిస్తాయన్నారు. తడోబాతో పోల్చకండి. పులి ఒంటరి జీవి, దట్టమైన అడవిలో దాక్కుని తిరుగుతుంది. ఇక్కడ సగం చోట్ల గడ్డిమైదానం, చెదురుమదురుగా చెట్లు, మందలు మందలుగా జంతువులు. ఏనుగు, జిరాఫీ, జీబ్రా, దున్న, ఇంపాలా జింకలు, బబూన్‌లు వెతక్కపోయినా రోడ్డు మీదే ఎదురవుతాయి. సింహాలు పార్కులో పదిహేను వందలకు పైనే ఉంటాయని అంచనా. చిరుతలు మాత్రం మీ అదృష్టం. ఒక్క మాట ముందే చెబుతున్నాను, సింహం కనిపించినా ఎక్కువసార్లు పొదకింద పడుకున్న ఒక పసుపుపచ్చ ముద్ద, ఒక తోక కనిపిస్తాయి. రోజులో ఎక్కువ భాగం అది నిద్రపోతుంది. టీవీలో చూసిన వేట కోసం ఎదురుచూస్తే నిరాశ తప్పదని పిల్లలకి ఇప్పుడే చెప్పేయండి.

కారు గంటకి పాతిక, ముప్పైలో పోనివ్వండి. పిల్లలిద్దరికీ చెరో కిటికీ అప్పగించండి. జంతువు కోసం వెతికితే దొరకదు. తేడాగా ఉన్నదాన్ని వెతకాలి: కొమ్మ కాని అడ్డగీత, నీడ కాని నలుపు, కదిలిన చెవి. ఇంపాలాలన్నీ మేత మానేసి ఒకే దిక్కుకి తలలు తిప్పి నిలబడ్డాయంటే ఆ దిక్కున ఏదో ఉంది. జిరాఫీ కదలకుండా చూస్తున్నా అంతే, దానికి మనకంటే చాలా దూరం కనిపిస్తుంది. కోతులు చెట్టుమీద అదేపనిగా అరుస్తుంటే కింద చిరుత ఉందేమో చూడండి. రాబందులు చెట్లమీద బారులు తీరి కూర్చున్నాయంటే దగ్గర్లో ఏదో చచ్చిపడి ఉంటుంది, తినేవాళ్లు ఇంకా లేవలేదని అర్థం. నది పక్క పెద్ద చెట్ల అడ్డకొమ్మలు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి, చిరుత అక్కడే పడుకుంటుంది.

ఇంకోటి, చాలామంది మనవాళ్లకి చేతకానిది: ఆపడం. చెరువు గట్టున ఇంజన్ ఆపి అరగంట కూర్చోండి. మొదటి పది నిమిషాలూ ఏమీ లేదనిపిస్తుంది. తర్వాత ఒక్కొక్కటే వస్తాయి. సఫారీ జీపు డ్రైవర్‌కి వెనక ఉన్న టూరిస్టులందరినీ సంతోషపెట్టాలన్న టెన్షన్ ఉంటుంది, మీకు లేదు. సొంత కారులో వెళ్లడంలోని లాభమే అది. రోజంతా పరుగులు పెట్టేటట్టయితే ప్యాకేజీలోనే వెళ్లొచ్చు.

ప్రతి పెద్ద క్యాంపులో రిసెప్షన్ దగ్గర ఒక మ్యాప్ బోర్డు ఉంటుంది. ఆ రోజు ఎవరికి ఏది ఎక్కడ కనిపించిందో రంగు గుర్తులు పెడతారు. రోజూ సాయంత్రం ఒకసారి చూడండి. ఎదురొచ్చే కారు మెల్లగా ఆగి అద్దం దించితే మీరూ దించండి, ముందు ఏముందో చెప్పడానికే ఆగుతారు. క్యాంపులోని షాపులో రోడ్ల మ్యాప్ పుస్తకం దొరుకుతుంది, అది కొనండి. ఫోన్ సిగ్నల్ క్యాంపుల దగ్గర తప్ప నమ్మడానికి లేదు. బైనాక్యులర్ ఒక్కటి తీసుకెళ్తే ఇంట్లో యుద్ధమే, కనీసం రెండు. పిల్లల కోసం చిన్న పందెం ఒకటి పెట్టండి: పాలపిట్ట అన్నను ఎవరు ముందు చూస్తే వాళ్లకి ఐస్‌క్రీమ్. లైలాక్-బ్రెస్టెడ్ రోలర్ అని, మన తెలంగాణ రాష్ట్ర పక్షికి దగ్గరి చుట్టం, రొమ్ము దగ్గర ఊదారంగు. రోడ్డు పక్కన ఎండుకొమ్మల మీద తరచూ కనిపిస్తుంది. దసరాకి పాలపిట్ట కోసం ఊరి బయటికి వెళ్లిన అలవాటు ఉంటే, బహుశా అందరికంటే ముందు మీ అత్తగారే దాన్ని పట్టేస్తారు.

నడిపే మనిషికి అందరికంటే తక్కువ కనిపిస్తుంది. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి కదా. మీకూ లైసెన్స్ ఉంటే ఇద్దరి పేర్లూ కారు అద్దె కాగితాల్లో రాయించండి, మార్చుకుంటూ నడపండి. అక్కడా మనలాగే ఎడమ పక్క నడపాలి, స్టీరింగ్ కుడి పక్క, కాబట్టి కొత్తేమీ ఉండదు. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇద్దరూ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. మన లైసెన్స్ ఇంగ్లిష్‌లోనే ఉన్నా అద్దె కంపెనీలు చాలావరకు పర్మిట్ కూడా అడుగుతాయి. డిపాజిట్ కోసం నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. మామూలు సెడాన్‌తో ఆ రోడ్లన్నీ తిరగొచ్చు, ఫోర్ వీల్ డ్రైవ్ అవసరం లేదు. కానీ అయిదుగురు, సామాన్లు, పైగా పొడుగ్గా పెరిగిన గడ్డి. ఎత్తు సీట్లున్న ఎస్‌యూవీ తీసుకుంటే ఆ డబ్బు దండగ కాదు. టైర్లు, అద్దాలకి కూడా వర్తించే ఇన్సూరెన్స్ కట్టండి.

ఇప్పుడు ఏనుగు. మీరు భయపడుతున్నది సరైన జంతువు గురించే. సింహం కారుని పట్టించుకోదు, ఏనుగు పట్టించుకుంటుంది. దూరం వదలండి, యాభై మీటర్లయినా. పిల్ల ఏనుగుకీ తల్లికీ మధ్య కారు పోనివ్వకండి. చెవులు విప్పి, తల విదిలించి మీ వైపు తిరిగిందంటే చాలా దగ్గరికి వచ్చారని చెబుతోంది. హారన్ కొట్టకుండా, ఇంజన్ రేజ్ చేయకుండా నెమ్మదిగా వెనక్కి వెళ్లండి. ఒంటరి మగ ఏనుగు కణతల దగ్గర తడి చారలు, వెనక కాళ్ల మీద మూత్రం కారుతూ కనబడితే అది మదంలో ఉంది. దానికి దారి వదిలేసి వచ్చిన దారినే పోవడం మంచిది, ఎంత దూరమైనా సరే. ముఖ్యంగా ఏనుగుల్ని చూడ్డానికి నాలుగు కార్లు గుమిగూడిన చోట మధ్యలో ఇరుక్కోకండి. వెనక్కి జారుకునే దారి ఎప్పుడూ ఉంచుకోవాలి.

అనుమతి ఉన్న చోట్ల తప్ప కారు దిగకూడదు. తల, చేతులు కిటికీ బయట పెట్టకూడదు, సన్‌రూఫ్‌లోంచి లేవకూడదు. ఇక్కడ నేను మొహమాటపడను. 2024 జూలైలో జొహనెస్‌బర్గ్‌కి దగ్గర్లోని పిలానెస్‌బర్గ్ పార్కులో ఒక స్పెయిన్ పర్యాటకుడు ఏనుగుల ఫోటో కోసం కారు దిగి దగ్గరికి నడిచాడు, మంద తొక్కి చంపేసింది. "ఒక్క సెల్ఫీ, అంతే" అనే మాట మీ కారులో ఎవరి నోటి నుంచీ రాకూడదు. ఫోటోల సంగతి వచ్చింది కాబట్టి మరొకటి: ఖడ్గమృగం ఫోటో తీస్తే లొకేషన్‌తో సహా పోస్ట్ చేయకండి. కొమ్ము కోసం చంపేవాళ్లూ ఆ ఫోటోలు చూస్తారు.

బాత్రూమ్ ప్రశ్న చాలామంది అడగడానికి సిగ్గుపడతారు, మీరు అడిగినందుకు సంతోషం. దిగడానికి వీల్లేదు కాబట్టి ముందే లెక్క వేసుకోవాలి. క్యాంపులు కాక మధ్యలో పిక్నిక్ స్పాట్లుంటాయి. అక్కడ దిగొచ్చు, టాయిలెట్లుంటాయి, పెద్దవాటిలో టీ కాఫీ కూడా దొరుకుతాయి. లోయర్ సాబీకీ స్కుకుజా అనే పెద్ద క్యాంపుకీ మధ్య ఎన్‌కూలు, సతారా దారిలో ట్షోక్వానే గుర్తుంచుకోండి. లోయర్ సాబీ నుంచి ట్షోక్వానే యాభై కిలోమీటర్లు అటూ ఇటూ, అంటే ఆగుతూ వెళ్తే రెండు గంటలు. ఆ మధ్యలో లోయర్ సాబీకి దగ్గర్లో మ్లొండోజి డ్యామ్ దగ్గర కూడా దిగొచ్చు. రెండు గంటలకి మించి ఒక చోట నుంచి ఇంకో చోటికి దూరం లేకుండా రోజూ పొద్దున్నే దారి గీసుకోండి. మధ్యాహ్నం పదకొండు నుంచి రెండున్నర దాకా క్యాంపుకి వచ్చేయండి. ఆ వేళకి జంతువులూ నీడకి పోతాయి, అత్తగారికి భోజనం, మందులు, కాసేపు నిద్ర అన్నీ వేళకి జరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లకి కారులో బిస్కెట్లు, పండ్లు తప్పనిసరి, ముందు కారు కదలక గంట ఆగిపోవాల్సి రావచ్చు.

తిండికి ఇబ్బంది లేదు. బుక్ చేసేటప్పుడు సొంత వంటగది, గిన్నెలు ఉన్న కాటేజీ అడగండి. కొన్ని గదులకి ఉమ్మడి వంటగదే ఉంటుంది, చూసుకోవాలి. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి, అక్కడి పెద్ద సాకెట్‌లో మన గీజరుకి వాడే మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్ సరిపోతుంది. నెయ్యి, తేనె, విత్తనాల్లాంటివి మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, కస్టమ్స్‌లో పేచీ. బియ్యం, పప్పు, మసాలాలు అక్కడి సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతాయి. 1860 నుంచి నటాల్ చెరకుతోటల్లో పనికి మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, భారతీయుల వంట ఆ దేశంలో ఏనాడో కలిసిపోయింది. దారిలో నెల్‌స్ప్రూట్ అనే ఊళ్లో (ఇప్పుడు ఎంబోంబెలా అంటారు) ఆగి కొనుక్కోండి. క్యాంపులో కోతులు, బబూన్‌ల నుంచి మాత్రం జాగ్రత్త, తిరుమలలో అరటిపండ్లు పోగొట్టుకున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వరండాలో ఫ్రిజ్ ఉంటే గొళ్లెం వేయడం మరవకండి.

రూటు ఇలా పెట్టుకోండి. జొహనెస్‌బర్గ్‌లో దిగిన రోజు ఎయిర్‌పోర్ట్ దగ్గరే పడుకోండి, చీకట్లో హైవే ఎక్కొద్దు. మర్నాడు పొద్దున్నే ఎన్-4 హైవే మీద బయల్దేరితే అయిదు గంటల పైన పడుతుంది. క్రోకడైల్ బ్రిడ్జ్ గేటు నుంచి లోపలికి వెళ్తే లోయర్ సాబీ 34 కిలోమీటర్లే. మధ్యాహ్నం రెండున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. జీపీఎస్ దగ్గరి దారి అని చెప్పి 'నంబి' అనే ఇంకో గేటు వైపు తిప్పితే వినకండి, 2022 అక్టోబర్‌లో ఆ రోడ్డు మీద దోపిడీకి వచ్చినవాళ్లు ఒక జర్మన్ పర్యాటకుణ్ణి కాల్చి చంపారు. వెనక్కి జొహనెస్‌బర్గ్ రావక్కర్లేదు. సతారా నుంచి స్కుకుజా 92 కిలోమీటర్లు, అక్కడ పార్కు లోపలే విమానాశ్రయం ఉంది, కేప్‌టౌన్‌కి నేరుగా విమానముంది. కారు అక్కడే తిరిగిచ్చే వీలున్న కంపెనీని ఎంచుకోండి, కొంత అదనంగా తీసుకుంటారు.

ఒక సాయంత్రం పార్కువాళ్లు నడిపే సన్‌సెట్ డ్రైవ్‌కి వెళ్లండి. గేట్లు మూశాక బయట తిరిగే అవకాశం వాళ్లకే ఉంటుంది, లైటు వేసి రాత్రి జంతువుల్ని చూపిస్తారు. పైన కప్పు తప్ప అన్నీ తెరిచి ఉన్న బండి, జూన్ చలి కోసం మంకీ క్యాప్‌తో సహా అన్నీ పట్టుకెళ్లండి. తుపాకీ పట్టుకున్న గైడ్‌లతో పొద్దున నడక కూడా ఉంది, పన్నెండేళ్లు దాటాలి. అమ్మాయి వెళ్లొచ్చు, బాబుకి కుదరదు, ఇంట్లో ఆ పేచీ మీరే తీర్చుకోవాలి.

ప్రైవేట్ లాడ్జ్‌లు వృథా అనను. పక్కనే సాబీ శాండ్ అనే ప్రైవేట్ అభయారణ్యం ఉంది, క్రూగర్‌కీ దానికీ మధ్య కంచె లేదు. అక్కడి గైడ్‌లు రోడ్డు దిగి కూడా వెళ్తారు, చిరుతని దగ్గరగా చూపిస్తారు. కానీ అక్కడ ఒక మనిషికి ఒక రాత్రికి పెట్టే డబ్బుతో మీ కుటుంబమంతా క్రూగర్ క్యాంపులో రెండు రాత్రులైనా ఉండొచ్చు. చాలా లాడ్జ్‌లలో చిన్నపిల్లల్ని జీపు ఎక్కనివ్వరు కూడా. పార్కు ప్రవేశ రుసుము విదేశీయులకి మనిషికి రోజుకి 500 రాండ్ల పైమాటే, రాండ్ అంటే మనకి సుమారు అయిదు రూపాయలు, పన్నెండేళ్లలోపు పిల్లలకి సగం. ఏడాదికి చెల్లే వైల్డ్ కార్డ్ అనే కుటుంబ పాస్ ఉంది, మీ రాత్రుల లెక్కతో పోల్చుకుని ఏది చవకో చూడండి.

క్రూగర్ మలేరియా ప్రాంతం. జూన్‌లో ముప్పు తక్కువ, కానీ లేకపోలేదు. వెళ్లే ముందు డాక్టర్‌ని కలవండి, అత్తగారి షుగర్ మందులకి సరిపడే మలేరియా మాత్రలు ఆయనే చెబుతారు. తిరిగొచ్చాక కొన్ని వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పాలి. విమానం దుబాయ్ లేదా దోహా మీదుగా తీసుకోండి. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ గొడవ రావచ్చు. వీసాకి పిల్లల బర్త్ సర్టిఫికెట్లు అడుగుతారు, పేర్లు పాస్‌పోర్ట్‌తో సరిపోలాయో లేదో ఇప్పుడే చూడండి.

తేదీలు జూన్ మొదటి వారానికి జరపగలిగితే జరపండి. మన బడులు తెరవకముందే వచ్చేయొచ్చు, జూన్ చివర్లో అక్కడి పిల్లలకి సెలవులిస్తే క్యాంపులు కిక్కిరిసిపోతాయి. అన్నిటికంటే ముందు సతారా కాటేజీ బుక్ చేయండి, అదే ముందు నిండిపోతుంది. సౌత్ ఆఫ్రికన్ నేషనల్ పార్క్స్ సొంత వెబ్‌సైట్‌లో నెలల ముందే బుకింగ్ తెరుస్తారు. సతారా ఏ తేదీల్లో దొరికితే ఆ తేదీలకి లోయర్ సాబీ, ఆ తర్వాతే విమానం టికెట్లు. సతారా దొరక్కపోతే అక్కడికి 48 కిలోమీటర్ల దూరంలోని ఓర్పెన్ క్యాంపు చూడండి. అదీ లేకపోతే నాలుగు రాత్రులూ లోయర్ సాబీలోనే ఉండిపోండి, నష్టమేమీ లేదు.